పాత ఇంటి టేకు బ్రాకెట్లు కొత్త ఇంట్ల ఎక్కడ పెట్టాలె?

ప్రశ్న: మాది హన్మకొండ మేడమ్. ఊర్ల పెంకుటిల్లు తీసేసినప్పుడు మొగురాల మీద దూలం కింద ఉండే చెక్కిన టేకు బ్రాకెట్లు నాలుగు దాచిపెట్టినం, కొత్త ఇంట్ల హాలేమో మరీ ప్లెయిన్‌గ ఉంది, వీటిని ఎక్కడ పెడితే బాగుంటది?

జవాబు: అస్సలు అమ్ముకోకండి! హాల్లకెళ్లి డైనింగ్‌ల పోయే ఓపెనింగ్ పై మూలలకు ఒక జత పెట్టండి, ఇంకో జత మీద టేకు పలక ఏసి షెల్ఫ్ చేయించుకోండి. పలక 12 అంగుళాలు బయటికొస్తే బ్రాకెట్ కనీసం 8 అంగుళాలన్న రావాలె, లేకుంటే బరువు ఆగదు, చూడ్డానికి కూడ తేలిపోతది. ముందుగాల చెదలు చూడండి, తడితే డొల్ల సప్పుడొస్తే దాని మీద బరువు పెట్టొద్దు. బిగించేది ప్లాస్టర్‌కు కాదు, లోపలి గోడకు యాంకర్ బోల్టుతోని.

ఒకసారి పాలంపేట రామప్ప గుడికి పోయి చూరు కింద చూడండి, 1213ల కట్టిన గుడి, ఎర్రటి ఇసుకరాయి పక్కన నల్లరాతి మదనికలు (చూరు కింద బ్రాకెట్ల లెక్క చెక్కిన ఆడబొమ్మలు) ఏటవాలుగ నిలబడి ఉంటయి, ఆ రంగు తేడాతోనే చూపు అటు పోతది. మీరు కూడ గోడకు లేత రంగేసి, టేకుకు పెయింట్ కాకుండ ఉత్త నూనె పట్టియ్యండి.