ఫ్లోర్ సంగతి తర్వాత, ముందు కౌల్ చూడండి

ప్రశ్న: నమస్తే అండి. నేను ఒహాయోలో క్లీవ్‌లాండ్ దగ్గర ఉంటాను. మా వీధి చివర పెద్దాయన షెడ్డులో ఏళ్ల తరబడి పడున్న 1967 ఫోర్డ్ మస్టాంగ్ కూపే పోయిన నెల కొన్నాను. పైకి బానే ఉంది కానీ కార్పెట్ పీకితే డ్రైవర్ కాళ్ల దగ్గర చిల్లు పడి కింద గచ్చు కనిపిస్తోంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే చుట్టూ ఇంకా ఊడొస్తోంది. కొత్త ఫ్లోర్ పాన్‌లు (కారు నేల రేకులు) ఆర్డర్ పెట్టేద్దామనుకుంటున్నా, వెల్డింగ్ కొంచెం వచ్చు. మా ఆవిడేమో తుక్కుకిచ్చేయమంటోంది. విన్ నంబర్ (కారు గుర్తింపు నంబర్) 7ఎఫ్01సి అని మొదలవుతుంది. బాగవుతుందంటారా?

జవాబు: అప్పుడే తుక్కుకివ్వకండి, కానీ ఫ్లోర్ పాన్‌లు కూడా అప్పుడే కొనకండి. ముందు మీ దగ్గరున్నదేంటో చెప్తాను. 7 అంటే 67 మోడల్, ఎఫ్ అంటే డియర్‌బార్న్ ఫ్యాక్టరీ, 01 అంటే హార్డ్‌టాప్, అంటే మీ కూపేనే, సి అంటే 289 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్, రెండు బ్యారెల్స్ కార్బురేటర్. ఆ ఏడాదే మస్టాంగ్‌లో మొదటిసారి 390 పెద్దింజిన్ పెట్టారు, మీది అదైతే సి బదులు ఎస్ ఉండేది. మీది మామూలు ఇంజినే, కాబట్టి పెట్టిన డబ్బు అమ్మితే తిరిగొస్తుందని లెక్కేసుకోవద్దు, మీకు ఆ కారంటే ప్రేమ ఉంటేనే దిగండి.

ఇక అసలు విషయం. ఫ్లోర్ ఎందుకు పోయిందో తెలుసుకోకుండా ఫ్లోర్ మార్చడమంటే ఇంటి కప్పు కారుతుంటే నేల గచ్చు మళ్లీ వేయించుకోవడమే. ఒహాయో రోడ్ల మీద చలికాలం చల్లే ఉప్పు కింద నుంచి తింటుంది నిజమే, కానీ ఈ కార్లలో నీళ్లు పైనుంచి కూడా వస్తాయి. వైపర్ల ముందు సన్నటి చీలికలుంటాయి చూడండి, దాని కింద రెండు రేకులు కలిపి వెల్డ్ చేసిన పెట్టె లాంటిది ఉంటుంది, అదే కౌల్. అందులో ఆకులు, మట్టి చేరి తడి ఆరక లోపలి రేకు కుళ్లిపోతుంది. నేను చేసిన 68 కారుకి ఇది చూసుకోకుండా కొత్త ఫ్లోర్ వేసి, పెయింట్ కొట్టి, కార్పెట్ పరిచేశాను, మూడో నెల్లో ఒక రాత్రి గట్టి వాన పడితే తెల్లారి కార్పెట్ అంచు ఎత్తి చూశా, స్పాంజి పిండినట్టు నీళ్లు కారాయి, కొత్త రేకు మీద వెల్డ్ గీత పొడవునా అప్పుడే కాషాయం రంగు తిరిగింది. ఆ రోజు పడ్డ బాధ మీకొద్దు.

అందుకే ఇవాళే బకెట్ నీళ్లు తీసుకుని ఆ చీలికల్లో మెల్లగా పోయండి, ఇంకొకరిని టార్చ్‌తో డ్యాష్‌బోర్డు కింద చూడమనండి, మీ ఆవిడనే పిలవండి, ఆవిడకీ కారు సంగతి తెలుస్తుంది. లోపల చుక్క పడిందంటే కౌల్ పోయినట్టే, పదుల కొద్దీ స్పాట్ వెల్డ్‌లు డ్రిల్ చేసి పై రేకు లేపాలి, ఓపిక పని, కానీ అది అయ్యాకే ఫ్లోర్.

తర్వాత సుత్తి తీసుకుని కింద ఫ్రేమ్ రెయిల్స్ (కారు అడుగున పొడవునా ఉండే రేకు దూలాలు), టార్క్ బాక్సులు (ఆ దూలాల్ని పక్క అంచులకి కలిపే పెట్టెలు) కొట్టి చూడండి, గట్టిగా ఖంగుమంటే బతికున్నట్టు, డబడబమంటే లోపల తినేసినట్టు. మస్టాంగ్‌కి విడిగా ఛాసీ ఉండదు, బాడీయే ఛాసీ, అందుకే ఒకేసారి రెండువైపులా ఫ్లోర్ కోసేస్తే కారు మధ్యలో వంగిపోయి తలుపులు పట్టవు. తలుపు సందుల్లో చదరపు పైపులు అడ్డంగా వెల్డ్ చేసి, ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు ముట్టుకోండి. రేకు పల్చన, ఒకేచోట గీత లాగితే వేడికి ముడుచుకుపోతుంది, వెల్డ్ చుక్క ఇక్కడొకటి దూరంగా ఇంకొకటి పెట్టుకుంటూ వెళ్లండి. ఇంకో మాట, ఈ కారులో డిక్కీ నేలంటే పెట్రోల్ ట్యాంక్ పైభాగమే, ట్యాంక్ దింపకుండా వెనకాల నిప్పురవ్వ రానివ్వొద్దు. ఆ కాలం పెయింట్‌లో సీసం ఉండొచ్చు, సరైన మాస్క్ లేకుండా గ్రైండర్ పట్టకండి.

కౌల్, రెయిల్స్, ముందు షాక్ టవర్లు (ముందు సస్పెన్షన్‌ని పట్టుకునే రేకు గోడలు) మూడూ పోయుంటే మాత్రం తుప్పు లేని ఇంకో బాడీ వెతుక్కోవడమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: నాది 69 షెవర్లే కమారో కారు, వినైల్ టాప్ (పైకప్పు మీద అంటించిన ప్లాస్టిక్ తొడుగు) ఉంది. తుప్పుని నల్లగా మార్చే కెమికల్ పూస్తే సరిపోతుందా? (డల్లాస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పైపైన ఎర్రబడిన చోట పనిచేస్తుంది, అందులోని టానిక్ యాసిడ్ తుప్పుతో కలిసి గట్టి నల్లటి పొర అవుతుంది. పొరలు పొరలుగా లేచినచోట, చిల్లు పడినచోట పనికిరాదు, అక్కడ కోసి కొత్త రేకు వేయాల్సిందే. మీది వినైల్ టాప్ కాబట్టి ముందు వెనక అద్దం చుట్టూ బొబ్బల్లా ఉబ్బిందేమో వేలితో నొక్కి చూడండి, వినైల్ కింద తడి నిలిచి అక్కడే మొదలవుతుంది, ఆ నీళ్లే డిక్కీలోకి దిగుతాయి. ఉబ్బుంటే వినైల్ పీకాకే కెమికల్ డబ్బా కొనండి.