స్లాబ్‌ని మధ్యలో అలాగే వదిలెయ్ అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

హాలు ఫాల్స్ సీలింగ్‌కి నువ్వు పంపిన ఫోటోలు చూశాను. మూడు మెట్లు, మధ్యలో గుండ్రం, ఆ గుండ్రంలో ఇంకో గుండ్రం... అది ఫంక్షన్ హాలుకి బాగుంటుందిరా, నీ 12 బై 14 హాలుకి కాదు. మీ ఫ్లాట్‌లో స్లాబ్ ఎత్తు తొమ్మిదిన్నర అడుగులే, అది మర్చిపోకు.

స్లాబ్‌ని పైకి తవ్వలేం కదా, చుట్టూ అంచు కిందికి దించితే మధ్యలో లోతు కనబడుతుంది, ఇందులో ఉన్న మర్మం అంతే. కాంట్రాక్టర్ మాత్రం గది మొత్తం దించి అందులో మళ్లీ లోతు చేస్తానంటాడు, ఎందుకంటే అతనికి చదరపు అడుగులు పెరుగుతాయి, నీకు ఎత్తు తగ్గుతుంది. ఆ మాట వినకు. గోడల చుట్టూ రెండడుగుల వెడల్పున జిప్సం బోర్డు అంచు కట్టించి మధ్యలో 8 బై 10 స్లాబ్‌ని అలాగే వదిలెయ్. 168 చదరపు అడుగుల పని 88కి దిగుతుంది, ఫ్యాను కూడా ఎప్పటిలాగే స్లాబ్ కొక్కేనికే వేలాడుతుంది. (ఫ్యాను బరువు జిప్సం బోర్డు మీద వేస్తానన్నవాణ్ణి ఆ రోజే పంపించెయ్.) అంచు నిలువు భాగాన్ని రన్నింగ్ ఫీట్ లెక్కన (అంటే పొడవు మాత్రమే కొలిచి) విడిగా లెక్కేస్తారా, కలిపేనా, పని మొదలుకాకముందే కాగితం మీద రాయించుకో, తర్వాత గొడవలన్నీ అక్కడే.

స్లాబ్ నుంచి అంచు ఎనిమిది అంగుళాలు దించు. ఫ్రేము, బోర్డు కలిపి రెండు అంగుళాలు పోతాయి, అంచు మీద దాచిపెట్టే స్ట్రిప్ లైటు కింద నుంచి కనబడకుండా ముందు చిన్న గట్టు రెండు అంగుళాలు, స్లాబ్‌కీ గట్టుకీ మధ్య మిగిలే సందు నాలుగు. ఆ సందులో గుడ్డ పట్టుకున్న చెయ్యి దూరాలి, లేకపోతే పండక్కి బూజు ఎలా దులుపుతావు? పైగా బల్లులకి అంతకంటే మంచి కాపురం దొరకదు. సందు మరీ ఇరుకైతే వెలుగు కూడా పరుచుకోదు, స్లాబ్ మీద ఒక గీతలా పడుతుంది. కిటికీ ఉన్న గోడ దగ్గర మాత్రం కర్టెన్ రాడ్డుకి ఆరంగుళాలు వదిలి అంచు మొదలుపెట్టించు.

ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. పక్క నుంచి వెలుగు పడితే స్లాబ్ మీద ఉన్న ప్రతి గుంట, తాపీ గీత బయటపడతాయి, పగలు నున్నగా కనబడిన స్లాబే రాత్రి చెరువులో అలల్లా ఉంటుంది. అందుకే అంచు కట్టకముందే రాత్రిపూట లైట్లార్పి, నిచ్చెనెక్కి మొబైల్ టార్చ్‌ని స్లాబ్‌కి ఆనించి పక్కకి పట్టుకో. ఎక్కడ నీడ పడిందో అక్కడ పెన్సిల్‌తో చుట్టు, అక్కడ పుట్టీ పెట్టించి రుద్దించు. రంగు మెరిసేది వద్దు, మాట్ తెలుపు వెయ్యి.

ఇక పనిలో నువ్వు చూడాల్సినవి చెబుతా. వాటర్ లెవల్ పైపుతోనో లేజర్‌తోనో నాలుగు గోడలకీ గుర్తులు పెట్టి దారం కొట్టాకే ఛానెల్ (గోడకి బిగించే ఫ్రేము పట్టీ) బిగించాలి, స్లాబ్ నుంచి టేపు పెట్టి కొలిస్తే స్లాబ్ వంకరంతా అంచుకి వచ్చేస్తుంది. బోర్డుని బిగించే ఫ్రేము పట్టీలు, అంటే సెక్షన్లు, అడుగున్నరకి ఒకటి, స్క్రూలు తొమ్మిది అంగుళాలకి ఒకటి. బోర్డుల జాయింట్‌కి టేపు వేసి జాయింట్ కాంపౌండే పెట్టాలి, ఉత్త గోడ పుట్టీ పూసేస్తే పగులు వస్తుంది. మీ పై ఫ్లాట్ బాత్రూం ఏ వైపుందో కనుక్కో, అక్కడ చెమ్మ ఉంటే అది ఆగేదాకా పని మొదలుపెట్టకు.

లైటు సంగతి. లోపలి చుట్టు 36 అడుగులు, స్ట్రిప్ రోల్ ఐదు మీటర్లు, అంటే రెండు రోల్స్ చాలవు, మూడు కొను. ఒకదాని తోకకి ఇంకోటి అతికిస్తే చివర మసకబారుతుంది, ఒక్కోదానికి అడాప్టర్ నుంచి విడిగా వైరు లాగించు. ఆ అడాప్టర్ చేతికి అందేచోట పెట్టించు. మా ఇంట్లో నేను దాన్ని బోర్డు పైన పెట్టి మూసేశాను, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ణి! ఎనిమిది నెలలకి అది పోయింది, బోర్డు కోసి తీయాల్సి వచ్చింది. ఆ అతుకు ఇప్పటికీ కనబడుతుంది, వచ్చిన ప్రతివాళ్లకీ మీ అత్తయ్య చూపిస్తుంది.

బీమ్‌లు స్లాబ్ కిందికి ఎంత దిగాయో కొలిచి పంపు, దాన్నిబట్టి అంచు వెడల్పు మారొచ్చు. శనివారం వస్తాను, ఎనిమిదడుగుల నిచ్చెన ఎవర్నైనా అడిగి ఉంచు.

నీ మామయ్య