బైబిల్ తెలియకుండా అమెరికన్ నవలలు చదవొచ్చా?

చదవొచ్చు. నేనూ అలాగే చదివాను, సగం అర్థం కాలేదు.

ఎం.ఏ. ఇంగ్లిష్‌లో మాకు ‘మోబీ డిక్’ ఉండేది, తిమింగలాల వేట మీద హెర్మన్ మెల్విల్ రాసిన నవల. మొదటి వాక్యంలోనే కథ చెప్పేవాడు తనని ఇష్మాయేల్ అని పిలవమంటాడు. నాకది ఉత్త పేరు. నా రూమ్మేట్‌ది గుంటూరు వైపు, చిన్నప్పట్నుంచి సండే స్కూల్‌కి వెళ్లినవాడు. "ఇష్మాయేలు తెలీదా? అబ్రాహాము కొడుకురా. తల్లి హాగరుతో కలిపి ఎడారిలోకి వెళ్లగొట్టేశారు" అన్నాడు. అంటే ఇల్లూ వాకిలీ లేనివాడు కథ చెబుతున్నాడన్నమాట! ఓడ కెప్టెన్ పేరు అహాబు అనగానే "వీడు చస్తాడు చూడు" అన్నాడు, నవల ఒక్క పేజీ చదవకుండానే. బైబిల్లో అహాబు చెడ్డ రాజు, అతని నెత్తురు కుక్కలు నాకాయి. మన కథలో ఎవరికైనా దుర్యోధనుడని పేరు పెడితే చివరికి ఏమవుతాడో ఇంకొకరు చెప్పాలా? 1851 నాటి అమెరికా పాఠకులకూ అంతే.

నవలలే కాదు. బానిసలుగా ఉన్న నల్లజాతివాళ్లు బైబిల్లో ఐగుప్తులో (ఈజిప్టులో) బానిసలుగా మగ్గిన ఇశ్రాయేలీయుల్లో తమని చూసుకుని పాటలు కట్టుకున్నారు. ఎందరో బానిసల్ని తప్పించి తీసుకెళ్లిన హ్యారియట్ టబ్‌మన్‌ని మోషే అనేవారు, ఇశ్రాయేలీయుల్ని ఐగుప్తు నుంచి బయటికి నడిపించినవాడి పేరు అది. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ న్యాయం నీళ్లలా పారాలన్నది బైబిల్లోని ఆమోసు ప్రవక్త మాటే. (అమెరికన్ రచయిత థోరో భగవద్గీత చదివిన సంగతి మనవాళ్లు వాట్సాప్‌లో తెగ తిప్పుతారు. నిజమే, కానీ ఆ ఒక్కటీ పట్టుకుని కూర్చుంటే అసలుదైన బైబిల్‌ని వదిలేసినట్టే.)

ఉద్యోగానికి బోస్టన్ వచ్చాక ఒక ఆదివారం న్యూ బెడ్‌ఫర్డ్ వెళ్లాను. అక్కడ సీమెన్స్ బెథెల్ అని చిన్న చర్చి ఉంది. తిమింగలాల వేటకెళ్లే నావికులు ఓడ ఎక్కేముందు ప్రార్థన చేసుకున్న చోటు. మెల్విల్ కూడా వచ్చాడు. గోడల మీద పాలరాతి ఫలకాలు, వాటి మీద సముద్రంలో పోయినవాళ్ల పేర్లు. శవం దొరకనివాడికి సమాధి బదులు ఆ రాయే. నవల్లో పాస్టర్ ఓడ ముందుభాగంలా ఉన్న వేదిక ఎక్కి బైబిల్లో పెద్ద చేప మింగిన యోనా కథ చెబుతాడు. అచ్చం అలాంటి వేదికే ఎదురుగా కనబడేసరికి ఒళ్లు జలదరించింది. గబగబా ఫోటోలు తీస్తుంటే అక్కడి పెద్దాయన నవ్వాడు. మెల్విల్ వచ్చిననాడు అది లేదట, అంతా కల్పనేనట. 1956లో ఈ నవల మీద తీసిన సినిమా చూసినవాళ్లంతా వచ్చి ‘ఆ ఓడ వేదిక ఏదీ?’ అని అడుగుతుంటే 1961లో చేయించి పెట్టారట.

ఫోటోలు మాత్రం డిలీట్ చెయ్యలేదు.