75 శాతం దేనిలో?

సందేహం: ఒక మందు మీద జరిగిన 10 అధ్యయనాలను కలిపి చేసిన మెటా అనాలిసిస్ గురించి తెలుగులో రాస్తున్నాను. ఫలితాల మధ్య తేడా గురించి చెప్పే ఐ-స్క్వేర్ అనే అంకె 75 శాతం అని ఉన్నచోట ‘అధ్యయనాల్లో 75 శాతం తేడా ఉంది’ అని రాశాను. ‘అధ్యయనాల మధ్య’ అనాలని ఒక మిత్రుడు అన్నారు. ఏది సరైనది?

సమాధానం: ‘మధ్య’ అన్నదే సరి. ‘అధ్యయనాల్లో’ అంటే ఒకే అధ్యయనంలో రోగికీ రోగికీ ఉండే తేడా అని కూడా అర్థం చేసుకోవచ్చు. అయితే ఆ ఒక్క మాట మార్చినంత మాత్రాన మీ వాక్యం బాగుపడదు. అసలు చిక్కు ‘75 శాతం’ దగ్గరుంది.

మీ వాక్యం చదివినవారు ఫలితాలు ఒకదానికొకటి 75 శాతం దూరంగా ఉన్నాయనుకుంటారు, లేదా నాలుగింట మూడు అధ్యయనాలు విభేదించాయనుకుంటారు. రెండూ తప్పే. శాతం అన్నాక దేనిలో శాతమో చెప్పి తీరాలి. మొత్తంలోంచి కొంత వేరుచేసి చెప్పే ఈ ‘లో’ను మన వ్యాకరణాలు షష్ఠీ విభక్తిలో చేర్చి, ఆ అర్థాన్ని నిర్ధారణ అన్నాయి. ఇక్కడ మొత్తం అంటే అధ్యయనాలు కావు, వాటి ఫలితాల మధ్య కనిపించే తేడా.

లెక్క చూస్తే ఇది తేటపడుతుంది. ఫలితాలు ఎంత చెదిరి ఉన్నాయో కాక్రన్ క్యూ అనే అంకె చెబుతుంది. చెదరడానికి కారణం కేవలం యాదృచ్ఛికమే అయితే, 10 అధ్యయనాలకు అది సగటున 9 ఉండాలి. 36 వచ్చిందనుకోండి. అదనం 27. 36లో 27 అంటే 75 శాతం. హిగ్గిన్స్, థామ్సన్ 2002లో ప్రతిపాదించిన ఐ-స్క్వేర్ ఇదే.

కాబట్టి ఇలా రాయండి: ‘ఫలితాల మధ్య కనిపించిన తేడాలో సుమారు 75 శాతం యాదృచ్ఛికం కాదు, అధ్యయనాల మధ్య నిజంగా ఉన్న తేడా వల్ల వచ్చిందని అంచనా.’ పొడవైనా ఫర్వాలేదు. ‘అంచనా’ను మాత్రం వదలకండి, అధ్యయనాలు కొద్దిగా ఉన్నప్పుడు ఈ అంకెను అంతగా నమ్మలేం.

‘75 శాతం కాబట్టి చాలా పెద్ద తేడా’ అని కూడా తేల్చేయకండి. అధ్యయనాల్లో రోగుల సంఖ్య పెరిగేకొద్దీ యాదృచ్ఛికపు వాటా తగ్గుతుంది. అప్పుడు అసలు తేడా అంతే ఉన్నా ఐ-స్క్వేర్ పెరుగుతుంది. తేడా పరిమాణం చెప్పేది టౌ-స్క్వేర్ అనే మరో అంకె. మూల వ్యాసంలో అది ఉంటే, ‘తేడా ఎంత’ అన్న వాక్యాన్ని దాన్నిబట్టి విడిగా రాయండి.