రిపోర్టులన్నీ నార్మల్, మెట్లెక్కితే మర్నాడు మంచమే: లాంగ్ కోవిడ్‌లో కండరాల నీరసం

మీరడిగింది: బెంగళూరు మారతహళ్లిలో లిఫ్టు లేని మూడో అంతస్తు. కోవిడ్ వచ్చి ఎనిమిది నెలలైనా, రెండుసార్లు మెట్లెక్కితే మర్నాడు తొడలు బరువెక్కి లేవలేకపోతున్నారు. ఎకో, సీటీ నార్మల్. కబ్బన్ పార్కులో రోజూ కాస్త పెంచుతూ నడవమన్నారు. నడవాలా?

ఇప్పుడే వద్దండీ. అలవాటు తప్పి నడిస్తే కాళ్లనొప్పులు ఎవరికైనా వస్తాయి. మర్నాడు మంచం దిగలేనంత నిస్సత్తువ, తల మొద్దుబారడం, నిద్రపోయినా తీరని అలసట మాత్రం వేరే సంగతి. 2024లో వెలువడిన ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధనలో 25 మంది లాంగ్ కోవిడ్ (కోవిడ్ తగ్గాక కూడా నెలల తరబడి వదలని ఇబ్బందులు) రోగుల చేత సైకిలు తొక్కించి, అంతకుముందూ, తొక్కిన మర్నాడూ తొడ కండరం ముక్క తీసి చూశారు. శక్తినిచ్చే మైటోకాండ్రియా పని తగ్గింది, శ్రమ తర్వాత ఇంకా దిగజారింది. కొన్ని కండర పోగులు చచ్చిపోయాయి కూడా. గుండె, ఊపిరితిత్తులు ఆక్సిజన్ పంపుతున్నా కండరం వాడుకోలేకపోతే ఎకోలో ఏం కనిపిస్తుంది?

అలాగని అన్నీ దీని మీదకే నెట్టెయ్యకండి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, విటమిన్ డీ, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), సీకే (కండరం దెబ్బతింటే పెరిగేది) చేయించండి. స్టెరాయిడ్లు ఎక్కువ రోజులు వాడినా తొడలు నీరసిస్తాయి. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. పది నిమిషాలు పడుకుని నాడి చూసుకోండి, లేచి పది నిమిషాలు నిలబడి నిమిషానికోసారి రాసుకోండి, పక్కన ఒక మనిషి ఉండాలి. బీపీ పడిపోకుండా, పడుకున్నప్పటి కంటే నాడి నిమిషానికి 30కి పైగా పెరిగి అలాగే ఉంటే పాట్స్ (నిలబడితే గుండె వేగం మరీ పెరిగే సమస్య) కావచ్చు, దానికి వైద్యం వేరు. ఛాతీనొప్పి, ఒకవైపే నీరసం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక మెట్లు. వారం రోజులు పొద్దున్నే లేవకముందు నాడి చూసి సగటు తీయండి, దానికి 15 కలపండి. సగటు 72 అయితే 87 మీ గీత, నాడి అది దాటకూడదు. బీటా బ్లాకర్ (నాడిని నెమ్మదింపజేసే మందు) వాడేవాళ్లకు ఈ లెక్క పనికిరాదు. ప్రతి మలుపులో ఒక ప్లాస్టిక్ స్టూలు పెట్టుకోండి. ఆరేడు మెట్లెక్కి, గీత దాటితే కూర్చుని, నాడి దిగాకే లేవండి. స్నానం, కూరలు తరగడం కూర్చునే చేయండి. నీళ్ల బాటిల్ పైకి మీరు మోయకండి.

ఎక్కువమంది దెబ్బతినేది ఓపికగా అనిపించిన రోజున. నాలుగు రోజుల పని ఆ ఒక్కరోజే చేసేస్తారు. దెబ్బ ఒకటి రెండు రోజులాగి తగులుతుంది కాబట్టి దేనివల్లో కూడా తెలియదు. అందుకే పని, నాడి, మర్నాటి పరిస్థితి నోటుబుక్కులో రాయండి. రెండు వారాలు మంచాన పడకుండా గడిస్తే నాలుగు మెట్లు పెంచి చూడండి. మళ్లీ మంచాన పడితే పాత లెక్కకే రండి.