అల్లుడూ, కమాన్లు కొనే ముందు కాటాకు వెళ్లు

నర్సీపట్నం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదు గానీ, మారుతి జిప్సీ వెనక భాగానివి మాత్రం తొమ్మిది ఫొటోలు పంపావు. అన్నీ చూశాను. వెనక కమాను కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు ప్లేట్లు, చతికిలబడ్డ మాట నిజమే. ప్లేట్లు విల్లులా వంగి ఉండాల్సింది, బల్లపరుపుగా అయిపోయాయి. దానికి మందుగా ఎవరో నీకు బండిని రెండంగుళాలు పైకి లేపే లిఫ్ట్ కిట్ చెప్పారట, నువ్వు డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్నావట. రెండు రోజులు ఆగు.

కమాన్లు కొనేవాళ్లు ముందు అడిగేది "బండి ఎంత లేస్తుంది?" అని. అడగాల్సింది అది కాదు, "నా బండి ఎంత బరువు మోస్తోంది?" అని. బరువు తెలిస్తే ఏ కమాను కావాలో దాదాపు తేలిపోతుంది. తెలియకపోతే ఎంత ఖరీదైనది వేసినా గుడ్డిదెబ్బే.

దానికన్నా ముందు, తప్పంతా కమాన్లదేనా అన్నది చూడు. బండి గట్టిగా కొడుతోందని కమాన్లు మార్పించినవాళ్లలో చాలామందికి అసలు జబ్బు టైర్లలో గాలి. జిప్సీ తేలిక బండి. కారుకు కొట్టినట్టు గాలి కొట్టిస్తే రాయిలా తయారవుతుంది. కంపెనీ చెప్పిన గాలికి దించి ఒకసారి నడిపి చూడు. తర్వాత బండి కింద దూరి షాకిల్ (కమాను కొసను ఛాసిస్‌కు తగిలించే ఊగే లంకె) బుష్‌లు, అంటే దాని రబ్బరు తొడుగులు, చూడు. రబ్బరు నలిగి బయటికి పొంగిందా, బోల్టు చుట్టూ తుప్పు పొడి రాలుతోందా? షాకిల్ బిగుసుకుపోతే కమాను సాగడానికి చోటుండదు, కొత్త కట్ట వేసినా మొండిగానే ఉంటుంది. ఇంకొకటి, షాక్ అబ్జార్బర్ బండి ఎత్తును మోయదు, ఊపును మాత్రమే ఆపుతుంది. వెనక కుంగిందని షాకులు మార్పించుకుని మళ్లీ కుంగిందని తిట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

ఇక కాటా సంగతి. చింతపల్లి వైపు నుంచి దిగేటప్పుడు ఎక్కడైనా లారీలు తూచే కాటా దగ్గర ఆపు. మామూలుగా బండిలో ఏముంటాయో అన్నీ ఉంచి, నువ్వూ కూర్చుని, ముందు మొత్తం బరువు తీయించు. తర్వాత ముందు చక్రాలు మాత్రమే పళ్లెం మీద ఉండేలా ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉండేలా ఇంకోసారి. ఈ రెండూ కలిపితే మొదటి అంకెకు దగ్గరగా రావాలి. లారీ కాటా కిలోకి కిలో చూపించదు, ఐదో పదో కిలోలు అటూ ఇటూ అవుతుంది, ఫర్వాలేదు. కాటా కుర్రాడు నిన్ను పిచ్చివాడిలా చూస్తాడు, అదీ ఫర్వాలేదు.

రెండో పరీక్ష ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. కాఫీ ఆరబెట్టే కళ్లానికి సిమెంటు తెప్పించానన్నావుగా, ఆ బస్తాలు చాలు. బండిని చదును నేల మీద పెట్టు. వెనక యాక్సిల్ గొట్టం పై అంచు నుంచి ఛాసిస్ అడుగు దాకా టేపుతో కొలిచి, సుద్దతో ఛాసిస్ మీదే అంకె వెయ్యి. నేల నుంచి కొలవకు, బరువుకు టైరు కూడా నొక్కుకుంటుంది కాబట్టి లెక్క చెడుతుంది. ఇప్పుడు 50 కిలోల బస్తాలు నాలుగు, సరిగ్గా యాక్సిల్ మీదకు వచ్చేలా సర్దు. వెనక బంపరు మీద నిలబడి రెండు మూడుసార్లు బండిని ఊపి, అప్పుడు మళ్లీ కొలువు. ఊపకపోతే ప్లేట్ల మధ్య రాపిడికి కట్ట సగంలోనే పట్టుకుని ఆగుతుంది. 200 కిలోలు రెండు కట్టల మీద పడ్డాయి కాబట్టి ఒక్కో కట్టకు 100. బండి 40 మిల్లీమీటర్లు దిగితే, మిల్లీమీటరు దిగడానికి రెండున్నర కిలోలు పట్టిందన్నమాట. అదే కమాను గట్టిదనం. కొత్త కట్ట అమ్మేవాడిని ఈ అంకె అడుగు. చెప్పగలిగితే అక్కడ కూర్చుని టీ తాగొచ్చు. "హెవీ డ్యూటీ సార్, సూపరుంటుంది" అని మాత్రమే అంటే లేచి వచ్చెయ్.

నీ లెక్కలో ఏది రోజూ ఉండే బరువు, ఏది ఎప్పుడో ఉండే బరువు అన్నది విడదీసుకో. స్టెప్నీ, పనిముట్లు, జాకీ, నువ్వు, ఇవి రోజూ ఉంటాయి. వారానికోసారి తోట నుంచి దించే మిరియాలు, కాఫీ బస్తాలు 200 కిలోలు అనుకుందాం. సంక్రాంతికి ఆరుగురు ఎక్కడం ఏడాదికోసారి. ఆ ఏడాదికోసారి కోసం కమాను కొన్నావంటే మిగతా 364 రోజులు నడుము అరిగిపోతుంది.

ఈ తప్పు నేను చేశాను కాబట్టి చెబుతున్నాను. నా పాత జిప్సీ బరువుకు కుంగుతోందని ఒక షాపులో పెద్ద బండి కమాను ప్లేటు కోయించి, ఒక్కో కట్టలో ఒకటి అదనంగా వేయించాను. "ఒక్క ప్లేటే కదా, ఏమవుతుంది" అన్నాడు షాపువాడు. నేనూ అదే అనుకున్నాను. ప్లేటు గట్టిదనం దాని మందానికి మూడు రెట్లు కాదు, మందాన్ని మూడుసార్లు గుణిస్తే వచ్చేంత పెరుగుతుందని అప్పటికి నాకు తెలియదు. 5 మిల్లీమీటర్ల ప్లేటు బదులు అంతే పొడుగూ వెడల్పూ ఉన్న 6 మిల్లీమీటర్లది వేస్తే, మందం పెరిగింది ఐదో వంతే, గట్టిదనం మాత్రం 70 శాతం దాటి పెరుగుతుంది. మందం రెట్టింపైతే ఎనిమిది రెట్లు. లోడుతో ఎక్కేటప్పుడు బండి రాజాలా ఉంది. ఖాళీగా ఘాట్ దిగుతుంటే మలుపులో కంకర తగిలి వెనక చక్రాలు ఎగిరి పక్కకు జరిగాయి. లోయ వైపు కాకుండా కొండ వైపు జరగడం మీ అత్తయ్య తాళిబొట్టు గట్టిదనం. మర్నాడే ఆ ప్లేట్లు తీయించేశాను. వాటిలో ఒకటి ఇప్పటికీ మా పెరట్లో తులసి కోట పక్కన కుండీకి ఆనించి ఉంది.

గట్టి కమాను తోటదారుల్లో ఇంకో దెబ్బ కొడుతుంది. జిప్సీకి ఫోర్ వీల్ ఉంది గానీ డిఫరెన్షియల్ లాక్, అంటే ఒక యాక్సిల్ మీది రెండు చక్రాలనూ కలిపి తిప్పే తాళం, లేదు. గోతుల దారిలో ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం గాల్లోకి లేచాయనుకో, గాల్లో ఉన్నవి రెండూ గిర్రున తిరుగుతాయి, నేల మీద ఉన్నవి రెండూ నిన్ను చూస్తూ కూర్చుంటాయి. చక్రం గోతిలోకి వంగి నేలను పట్టుకుని ఉండాలంటే కమాను మెత్తగా సాగాలి. అందుకే ఎర్రమట్టి బురదలో, చేతనైనంత మెత్తని కమాన్ల మీదున్న పాత బండి వెళ్లిపోతుంది, ఎత్తుగా బిగించిన కొత్త బండి నిలబడి ఫొటోలు దిగుతుంది. పల్చటి ప్లేట్లు ఎక్కువ ఉన్న కట్ట, మందపు ప్లేట్లు తక్కువ ఉన్న కట్ట రెండూ ఒకే బరువు మోయగలిగితే, నీ దారికి మొదటిదే తీసుకో.

నీకు నా మాట ఇది. ముందు వైపు కంపెనీ గట్టిదనమే ఉంచు. వెనక మాత్రం కొంచెం ఎక్కువ వంపు ఉండి, అడుగున హెల్పర్ ప్లేటు ఉన్న కట్ట తీసుకో. హెల్పర్ అంటే అడుగున దాదాపు తిన్నగా ఉండే మందపు ప్లేటు. ఖాళీ బండిలో దాని కొసలకూ పై ప్లేటుకూ మధ్య సందు ఉంటుంది, కాబట్టి అది పనిలోకి దిగదు. బస్తాలు పడ్డాక పై ప్లేట్లు వంగి వచ్చి దాన్ని తాకుతాయి, అప్పుడు అది భుజం ఇస్తుంది. కొనేటప్పుడు ఆ సందు ఉందో లేదో చూడు. కొందరు సందు లేకుండా బిగించి ఇస్తారు, అప్పుడది హెల్పర్ కాదు, నా పాత తప్పే. బండి ముందు బిగించిన ఆ ఇనప గొట్టాల బుల్ బార్ తీసెయ్. ముందు కమాన్లకు అనవసర బరువు. పైగా అవి పెట్టకూడదని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు రాసింది.

ఎత్తు సరదా ఉంటే ఒక అంగుళం చాలు. అంతకు మించితే ఒకదాని వెనక ఒకటి ఖర్చులు క్యూ కడతాయి. షాకులు పొట్టివైపోతాయి, బ్రేకు గొట్టాలు లాగుకుంటాయి, ఇంజను శక్తిని యాక్సిల్‌కు అందించే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరిగి దాని కీళ్లలోని క్రాసులు అరుగుతాయి. చవకని పొడుగు షాకిళ్లు వేయించేవాళ్లున్నారు. రెండంగుళాలు పొడుగు షాకిల్ వేస్తే బండి లేచేది ఒక అంగుళమే. జిప్సీకి ముందు షాకిల్ కమానుకు ముందు కొసన ఉంటుంది కాబట్టి, అది పొడుగైతే యాక్సిల్ ముందుకు ఒరిగి, మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రాదు. ఘాట్ రోడ్డులో అది ఎంత టెన్షనో నీకు చెప్పక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా కంపెనీ ఇచ్చిన రూపు మార్చొద్దనే అంటుంది. రేపు ఏదైనా జరిగితే బీమా వాళ్లు ముందు వెతికేది అదే.

పాత కట్టలకే మళ్లీ వంపు కొట్టిస్తే తక్కువలో అయిపోతుంది కదా అని అడుగుతావు. చల్లగా సుత్తితో కొట్టి వంపు తెచ్చే పాత మేస్త్రీ దొరికితే ఒకసారికి పనికొస్తుంది, ఏడాదో రెండేళ్లో వస్తుంది. గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంచేవాడి దగ్గర మాత్రం బండి ఆపకు. కమాను ఉక్కును ఫ్యాక్టరీలో కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ తక్కువ వేడిలో పదును పెడతారు. మంట పెట్టిన చోట ఆ పదును పోతుంది, నెలలో మళ్లీ కూర్చుంటుంది, లేదా అక్కడే విరుగుతుంది.

కొత్తవి ఎప్పుడూ జతగానే మార్చు. ఒక్క వైపు మారిస్తే బండి మొగుడూ పెళ్లాల పోట్లాటలా ఒక పక్కకు లాగుతుంది. కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు కూడా కొత్తవే వేయించు, ఒకసారి సాగిన బోల్టు మళ్లీ అంత పట్టు ఇవ్వదు. ప్లేట్లన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు తల యాక్సిల్ గుంటలో సరిగ్గా కూర్చుందో లేదో నువ్వే వంగి చూడు. అన్నిటికన్నా ముఖ్యం, షాకిల్ బోల్టులు, ముందు పిన్ను బండి జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించనివ్వకు. చక్రాలు నేల మీద పెట్టి, బండి తన బరువు మీద నిలబడ్డాక బిగించాలి. గాల్లో బిగిస్తే బుష్ రబ్బరు మెలితిరిగి ఉండిపోయి మూడు నెలల్లో చిరుగుతుంది. మొదటి వంద కిలోమీటర్లు నడిచాక యూ బోల్టులన్నీ మళ్లీ పానాతో పట్టించు.

జిమ్నీ కొందామా అని చివర్లో రాశావు. కొను, మంచి బండే, 2023 నుంచి ఇక్కడ అమ్ముతున్నారు. దానికి కమాన్లుండవు, నాలుగు వైపులా కాయిల్ స్ప్రింగులు. లెక్క మాత్రం ఇదే, తీగ మందం ఇంకా ఎక్కువ తేడా చూపిస్తుంది. 12 మిల్లీమీటర్ల తీగ బదులు 13 అయితే గట్టిదనం మూడో వంతుకు పైగా పెరుగుతుంది. బండిని కిందికి దించడానికి స్ప్రింగులో ఒక చుట్టు కోయించేవాళ్లను చూస్తావు. చుట్టు తగ్గితే స్ప్రింగు మెత్తబడదు, ఇంకా గట్టిపడుతుంది.

కాటా చీటీ ఫొటో తీసి పంపు, సిమెంటు బస్తాల ముందూ తర్వాతా అంకెలు కూడా. అవి చూశాక విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన మేస్త్రీతో మాట్లాడతాను. ఈసారి మీ అమ్మ మోకాలి సంగతి కూడా రాయి.

ఇట్లు,
మామయ్య