బీరువాల షాపులో అరిగే రాగి టిప్పే మీ అమ్మాయి ప్రాజెక్టు

ప్రశ్న: మాది గుంటూరు. స్టీలు బీరువాలు చేసే చిన్న షాపు నడుపుతున్నాను. మా అమ్మాయి మెటలర్జీ బీటెక్ మూడో ఏడాది. రాగిలో సిరామిక్ పొడి కలిపి గట్టిదనం, అరుగుదల చూసే ప్రాజెక్టు తీసుకుంటానంటోంది. తోటివాళ్లంతా కోడింగ్ కోర్సుల్లో చేరుతున్నారు. మాకు టెన్షన్‌గా ఉంది. మాన్పించి సాఫ్ట్‌వేర్ వైపు పంపమంటారా?

జవాబు: మాన్పించకండి. ఆ ప్రాజెక్టు దేనికోసమో మీ ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది మీకే. మీ షాపులో స్పాట్ వెల్డింగ్ మిషన్ ఉంటుంది కదా. కొత్తగా బిగించిన రాగి టిప్ మొన సన్నగా ఉంటుంది. వందల చుక్కలు (రేకులను కలిపే వెల్డింగ్ అతుకులు) పడ్డాక అది పుట్టగొడుగులా పరుచుకుపోతుంది. చుక్క వెడల్పవుతుంది, కరెంటు చెదిరిపోతుంది, అతుకు బలహీనపడుతుంది. మిషన్ ఆపి ఆకురాయి పెట్టి రుద్దుతారు. రుద్ది రుద్ది చివరికి టిప్పే మార్చేస్తారు. జీఐ షీటు అయితే దాని మీది జింకు రాగిలో కలిసి టిప్ ఇంకా తొందరగా పాడవుతుంది. ఆ మొనను ఎక్కువ కాలం నిలబెట్టడమే మీ అమ్మాయి చేయాలనుకుంటున్న పని.

కరెంటు మోయడంలో రాగిని మించింది మామూలు లోహాల్లో వెండి ఒక్కటే. కానీ రాగి మెత్తన. కాల్చి చల్లార్చిన స్వచ్ఛమైన రాగికి వికర్స్ గట్టిదనం (వజ్రపు మొన గుచ్చి కొలిచే అంకె) 50 దగ్గర ఉంటుంది. 1085 డిగ్రీల వరకు కరగదు గానీ, అంతకు చాలా ముందే, 200 డిగ్రీలు దాటాక, సుత్తి దెబ్బలతో వచ్చిన గట్టిదనాన్ని కూడా వదిలేస్తుంది. అందుకే అల్యూమినా, సిలికాన్ కార్బైడ్ లాంటి సిరామిక్ రేణువులు కలుపుతారు. చాలా సన్నటి అల్యూమినా రేణువులు బరువులో 1 శాతం ఉన్నా చాలు, బాగా వేడెక్కాక కూడా రాగి తన బలాన్ని చాలావరకు నిలుపుకుంటుంది. కరెంటు మోసే శక్తి మాత్రం స్వచ్ఛమైన రాగితో పోలిస్తే సుమారు 80 శాతానికి దిగుతుంది. ఇలాంటి రాగిని వెల్డింగ్ ఎలక్ట్రోడ్లకు ఇప్పటికే వాడుతున్నారు.

చాలామంది విద్యార్థులు తప్పటడుగు వేసేది ఇక్కడే. సిరామిక్ ఎంత కలిపితే అంత మంచిదనుకుంటారు. పొడి ఎక్కువైతే ఉప్మాలో రవ్వలా ఉండకడుతుంది, మధ్యలో ఖాళీలు మిగులుతాయి. అరిగేటప్పుడు ఊడిన రేణువు గరుకు కాగితంలా మారి ఆ రాగినే గీరేస్తుంది. సిలికాన్ కార్బైడ్‌తో ఇంకో చిక్కుంది. ఎక్కువ వేడిలో సింటరింగ్ (నొక్కిన పొడిని కాల్చి గట్టి ముద్దగా అతికించడం) చేస్తే అందులోని సిలికాన్ రాగిలోకి దిగి కరెంటుకు అడ్డుపడుతుంది. గట్టిదనం అంకె పెరిగిందని సంబరపడేలోపు టిప్‌గా అది పనికిరాకుండా పోతుంది.

కాబట్టి అమ్మాయికి నా మాటగా ఇది చెప్పండి: గట్టిదనం, అరుగుదలతో పాటు విద్యుత్ వాహకత కూడా కొలవాలి. వికర్స్ మిషన్‌లో వజ్రపు మొన దిగాక మైక్రోస్కోప్‌లో చిన్న చతురస్రపు గుంట కనిపిస్తుంది. అది రేణువు మీద పడితే ఒక అంకె, రాగి మీద పడితే ఇంకో అంకె. ఒక్క గుంటతో సరిపెట్టకుండా కనీసం పది చోట్ల చూడాలి. తిరిగే బిళ్ల మీద పిన్నును రుద్ది అరుగుదల చూసే పిన్ ఆన్ డిస్క్ పరీక్షలో పిన్నును ముందూ తర్వాతా అసిటోన్‌తో కడిగి, ఆరబెట్టి, మిల్లీగ్రాములో పదో వంతు తేడా చూపే త్రాసులో తూచాలి. వేలిముద్ర జిడ్డు అంటినా లెక్క తప్పుతుంది. ఇంటర్వ్యూలో కూర్చునేవాళ్లు అడిగేది ఇవే. "10 శాతం దగ్గర అరుగుదల ఎందుకు పెరిగింది?" అన్న ప్రశ్నకు తన చేత్తో తీసిన ఫొటో చూపించి జవాబు చెప్పే అమ్మాయిని వాళ్లు అంత తేలిగ్గా వదులుకోరు.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. సాఫ్ట్‌వేర్‌లా ఒక్క క్యాంపస్‌లో వందమందిని తీసుకునే రంగం కాదిది. బీటెక్‌తోనే ఆగితే దారి ఇరుకు. గేట్‌లో మెటలర్జీ పేపరు రాసి ఎంటెక్ చేస్తే, స్టైపెండ్‌తో చదువుకుంటూ మంచి ల్యాబ్‌లలోకి వెళ్లొచ్చు. వరంగల్ ఎన్ఐటీ, ఐఐటీ హైదరాబాద్ దగ్గరలోనే ఉన్నాయి. ఇక పరిశోధన సంస్థల విషయంలో మెటలర్జీ పిల్లలకు హైదరాబాద్‌ను మించిన ఊరు మన దేశంలో అరుదు. కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖ లోహ పరిశోధన ల్యాబ్ డీఎంఆర్‌ఎల్, ప్రత్యేక లోహాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ మిధాని, అక్కడికి దగ్గర్లోనే బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ. ఆ ఏఆర్‌సీఐ పేరులోనే పౌడర్ మెటలర్జీ, అంటే పొడులతో లోహ వస్తువులు చేసే విద్య, ఉంది. మీ అమ్మాయి పని సరిగ్గా అదే. వేసవి ప్రాజెక్టుల ప్రకటనల కోసం ఆ సంస్థ వెబ్‌సైట్ చూస్తూ ఉండమనండి.

కోడింగ్ వద్దని కాదు. పైథాన్ కొద్దిగా వస్తే ఇదే ప్రాజెక్టులోని అంకెలను విశ్లేషించడానికి పనికొస్తుంది. కానీ తోటివాళ్లు చేరారన్న కారణంతో, ఇష్టంగా పట్టుకున్న పనిని మధ్యలో వదిలించడం నాకు మనసొప్పదు.

ఈ ఆదివారం అమ్మాయిని షాపుకు తీసుకెళ్లండి. పాత టిప్ ఒకటి, కొత్తది ఒకటి చేతిలో పెట్టండి. ఎన్ని చుక్కలకు ఒకసారి రుద్దాల్సి వస్తోందో ఒక వారం లెక్క రాసి ఆమెకు ఇవ్వండి. ఆ కాగితం తీసుకెళ్లి గైడుకు చూపించమనండి.